తడి ఆరని మూలకు గొడుగు తుంగ: నాటడం నుంచి పాయలు విడదీయడం దాకా

పోయిన వానాకాలం మా పెదనాన్న ఊరి నుంచి వచ్చారు. పెరట్లో గిన్నెలు తోమే గట్టు పక్కన నడుమెత్తు పెరిగిన పొద చూసి ఆగిపోయారు. ఒక కాడ తుంచి, తెగిన కొసను గోటితో నొక్కి చూసి, "తుంగ కదమ్మాయ్ ఇది! మేం ఏళ్ల తరబడి పొలంలోంచి పీకి పారేసినదాన్ని నువ్వు డబ్బులిచ్చి కొనుక్కొచ్చావా?" అన్నారు.

ఆయన గుర్తుపట్టింది సరిగ్గానే. ఇది తుంగ కుటుంబమే. నర్సరీల్లో దీన్ని 'అంబ్రెల్లా పామ్' అంటారు గానీ తాటికీ ఈతకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. నేను మొదటి నుంచీ గొడుగు తుంగ అనే పిలుస్తున్నాను. కొనేటప్పుడు మాత్రం నర్సరీ పేరే చెప్పండి. 1767లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి సైపరస్ ఆల్టర్నిఫోలియస్ అని పేరు పెట్టాడు. ఇప్పుడు తోటల్లో ఎక్కువగా కనిపించే రకాన్ని సైపరస్ ఇన్వొల్యూక్రేటస్ అంటున్నారు. సొంత ఊరు మడగాస్కర్, ఆఫ్రికా వాగుల ఒడ్లు.

పెదనాన్న భయం మీకూ ఉంటే ముందే చెప్తాను. పొలంలో తుంగ మొండిది కావడానికి కారణం మట్టి లోపల గొలుసుకట్టుగా ఊరే గడ్డలు. పైన ఎంత పీకినా కింద ఒక్క గడ్డ మిగిలితే మళ్లీ మొలుస్తుంది. గొడుగు తుంగకు ఆ గడ్డలు ఉండవు. పొట్టి దుంపవేరు ఒకటి ఉండి, దాని చుట్టూ పిలకలు వేసుకుంటూ గుబురుగా అవుతుంది. అరటి పిలకలు వేసినట్టే అనుకోండి. గునపంతో ఒక్కసారి పెకలిస్తే వచ్చేస్తుంది. దీనితో జాగ్రత్త పడాల్సింది పారే నీళ్ల దగ్గర. ఆ సంగతి చివర్లో చెప్తాను.

ముందు చోటు వెతకండి, మొక్క తర్వాత

చాలామంది మొక్క కొనుక్కొచ్చి, దానికి నీళ్లు ఎక్కడ పోయాలా అని ఆలోచిస్తారు. దీని విషయంలో తిరగేసి ఆలోచించాలి. మీ ఇంట్లో నీళ్లు ఇప్పటికే ఎక్కడ పోతున్నాయో అక్కడికి మొక్కను తీసుకెళ్లాలి. ఏసీ పైపు చుక్కలు పడే గోడ వార, ఆర్వో యంత్రం వదిలేసే నీళ్ల పైపు, వాషింగ్ మెషిన్ దగ్గర, బోరు పంపు కింద, ట్యాంకు నిండి పొర్లే చోటు. ప్రతి ఇంట్లోనూ పాచి పట్టి, కాలు జారే మూల ఒకటి ఉంటుంది. అక్కడ గులాబీ పెడితే వేరు కుళ్లుతుంది, మందార ఆకులు పసుపు తిరుగుతాయి. గొడుగు తుంగకు మాత్రం అదే కావాలి.

ఎందుకంటే దీని కాడ లోపల స్పాంజిలా గాలి గదులు ఉంటాయి. కాడను అడ్డంగా కోసి వెలుతురుకు పెట్టి చూడండి, తెల్లటి బెండు కనిపిస్తుంది. పైనున్న గాలి ఆ దారిన వేరు దాకా దిగుతుంది. అందుకే బురదలో నిలబడ్డా వేరుకు ఊపిరాడుతుంది. వరి మొక్క నీళ్లు నిలిచిన మడిలో బతకగలిగేది కూడా ఇలాంటి ఏర్పాటు వల్లే.

చోటు పరీక్షించడం సులభం. రెండు రోజులు గమనించండి. పొద్దున వేలితో గుచ్చితే రెండు అంగుళాల లోతున తడి తగలాలి, సాయంత్రం గుచ్చినా తగలాలి. కనీసం మూడు నాలుగు గంటల ఎండ ఉండాలి. పొద్దుటి ఎండ పడి మధ్యాహ్నం నీడ వచ్చే తూర్పు వైపు అన్నిటికన్నా మేలు. వేరు నీళ్లలో ఉంటే మే నెల ఎండను కూడా తట్టుకుంటుంది. పూర్తి నీడలో చావదు గానీ కాడలు సన్నగా సాగి పక్కకు వాలిపోతాయి.

ఏ నీళ్లయినా ఒకటే కాదు. ఏసీ నీళ్లలో ఉప్పు ఉండదు, మొక్కకు మంచివి. ఆర్వో వదిలే నీళ్లలో లవణాలు చిక్కబడి ఉంటాయి. దాని గురించి విడిగా చెప్పాలి. గిన్నెలు తోమిన నీళ్లు పనికొస్తాయి గానీ అన్నం మెతుకులు, నూనె జిడ్డు పోకుండా కొళాయి కింద జాలీ పెట్టుకోండి, లేకపోతే వాసన వస్తుంది. బ్లీచింగ్, ఫినాయిల్, బాత్రూమ్ కడిగే యాసిడ్ కలిసిన నీళ్లు మాత్రం ఆ వైపు రానివ్వకండి.

గోడకు కనీసం అడుగున్నర దూరం వదలండి. మొక్కకు హాయిగా ఉండే తడి ఇంటి పునాదికి చెమ్మ.

నర్సరీలో ఏం చూడాలి

కడియం వైపు వెళ్తే ఇది చాలాచోట్ల దొరుకుతుంది, హైదరాబాద్ నర్సరీల్లోనూ ఉంటుంది. పొడుగు చూసి కొనకండి. కుండీ మొదట్లో చూపుడు వేలంత పొడవున్న కొత్త మొనలు మట్టిలోంచి లేస్తున్నాయా చూడండి. అవి ఉన్న మొక్క చిన్నదైనా ఆర్నెల్లలో కుండీ నింపేస్తుంది. పెద్ద గొడుగులు నాలుగు ఉండి మొన ఒక్కటీ లేకపోతే వదిలేయండి.

మామూలు రకం మూడు నుంచి ఐదు అడుగులు పెరుగుతుంది. బాల్కనీకి పొట్టి రకం అడిగితే అడుగున్నర దగ్గర ఆగిపోయేది దొరుకుతుంది. తెల్ల చారల రకం అందంగా ఉంటుంది గానీ మధ్యలో పూర్తి పచ్చ కాడలు మొలుస్తుంటాయి. వాటిని ఎప్పటికప్పుడు మొదలంటా తీసేయకపోతే బలంగా పెరిగి చారల కాడలను మింగేస్తాయి. పేపిరస్ అని ఇంకొకటి అమ్ముతారు. ప్రాచీన ఈజిప్టులో రాసుకునే కాగితం చేసింది దాని కాడలోని బెండుతోనే. దాని తల జుట్టు విరబోసుకున్నట్టు ఉంటుంది, పదడుగులు దాటి పోతుంది. గాలికి విరుగుతుంది కూడా. పెద్ద కొలను ఉన్నవాళ్లకు తప్ప నేను దాన్ని సిఫారసు చేయను.

నేలలో నాటడం

అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీయండి. నల్లరేగడి అయితే తవ్విన మట్టే చాలు. ఇసుక నేల, ఎర్రనేల అయితే నీళ్లు నిలవవు. అందుకని పాత ఫ్లెక్సీ ముక్కకు నాలుగైదు చిల్లులు పొడిచి గుంత అడుగున పరవండి. నీళ్లు మెల్లగా ఇంకుతాయి, తడి నిలుస్తుంది. తవ్విన మట్టిలో మూడో వంతు బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలపండి.

మొక్కను సంచి నుంచి తీశాక వేరు చుట్టూ ఉన్న కొబ్బరిపొట్టు సగం దులపండి. కాడలు మొదలైన చోటు నేల మట్టానికి సమంగా ఉండాలి. లోతుగా పాతితే కొత్త మొనలు కుళ్లుతాయి. రెండు మొక్కల మధ్య రెండడుగులు వదలండి. మొదటి వారం రోజూ నీళ్లు పోయండి, తర్వాత ఆ చోటి తడే చూసుకుంటుంది. తొలకరి పడ్డాక జూన్, జులైలో నాటితే అసలు శ్రమే ఉండదు.

కుండీలో: తడి కావాలి, కనిపించే నీళ్లు వద్దు

ఈ ఒక్క భాగం మాత్రం దయచేసి జాగ్రత్తగా చదవండి. ఇంటర్నెట్‌లో కనిపించే ఫొటోల్లో ఈ మొక్క అందమైన నీళ్ల తొట్టిలో నిలబడి ఉంటుంది. మన ఊళ్లలో అలా పెడితే ఏమవుతుందో నేను చూశాను. మొదటి ఏడాది కుండీ కింద పెద్ద పళ్లెం పెట్టి, నిండా నీళ్లు పోశాను. ఒక ఆదివారం పొద్దున వంగి చూస్తే పళ్లెంలో పురుగులు పైకీ కిందకీ మెలికలు తిరుగుతున్నాయి. డెంగ్యూ దోమ గుడ్డు నుంచి ఎగిరే దాకా ఏడు నుంచి పది రోజులు చాలు. దానికి మురుగు అక్కర్లేదు, ఇలాంటి నిలవ నీళ్లే ఇష్టం. గుడ్లు పాత్ర గోడకు అంటుకుని నెలల తరబడి ఎండినా బతికి ఉంటాయి. కాబట్టి నీళ్లు పారబోసినంత మాత్రాన సరిపోదు, గోడలు పీచుతో రుద్దాలి.

ఆ తర్వాత నేను మార్చుకున్న పద్ధతి ఇది. ఐదేళ్లుగా ఒక్క పురుగు కనిపించలేదు.

అడుగున చిల్లు లేని 18 అంగుళాల ప్లాస్టిక్ టబ్బు ఒకటి తీసుకోండి. దాని పక్క గోడకు, అడుగు నుంచి ఆరు అంగుళాల ఎత్తులో, వేలు పట్టేంత చిల్లు వేయండి. నీళ్లు ఎక్కువైతే ఆ చిల్లులోంచి బయటకు పోవాలి. చిల్లుకు లోపలి వైపు దోమతెర ముక్క అతికించండి.

అడుగున చిల్లులున్న 12 అంగుళాల కుండీలో మట్టి నింపి మొక్క నాటి, టబ్బు మధ్యలో కూర్చోబెట్టండి. మట్టి పాళ్లు: చెరువు మట్టి లేదా ఎర్రమట్టి రెండు వంతులు, మాగిన ఎరువు ఒక వంతు. కొబ్బరిపొట్టు వద్దు. తేలుతుంది, కొన్నాళ్లకు బురద జిగురవుతుంది. కుండీలో పైన అంగుళం మందాన ముతక ఇసుక పరవండి.

ఇప్పుడు కుండీకీ టబ్బుకీ మధ్య ఉన్న ఖాళీని కడిగిన కంకరతో నింపండి. ఇంటి స్లాబుకు వాడే ముప్పావు అంగుళం కంకర చాలు. కంకర ఆ పక్క చిల్లు కన్నా రెండు అంగుళాలు పైకి ఉండాలి. నీళ్లు కంకర మీద పోయండి, చిల్లులోంచి ధార రాగానే ఆపండి. నీళ్లు ఎప్పుడూ కంకర కిందే ఉంటాయి. పైన చేయి పెడితే రాయి పొడిగా తగులుతుంది. దోమ దిగి గుడ్డు పెట్టడానికి నీటి మట్టం దానికి దొరకదు. మొక్క మాత్రం కింద నుంచి పీల్చుకుంటూ ఉంటుంది. వాడిన నీటిని శుద్ధి చేసే మొక్కల మడుల్లో నీటిని కంకర కిందే పారిస్తారు. ఇది ఆ పద్ధతే, టబ్బులో ఇమిడేలా చేశాం.

ఊరెళ్లాలన్నా బెంగ లేదు. టబ్బు నిండుగా ఉంటే చలికాలం వారం, ఎండాకాలం మూడు రోజులు ఆగుతుంది.

నీళ్లు కనిపించేలా తొట్టే కావాలనుకునేవాళ్లు అందులో గప్పీ చేపలు వదలండి, లార్వాలను తినేస్తాయి. మొక్క కుండీ పైన రెండు నుంచి ఆరు అంగుళాల నీళ్లు ఉండొచ్చు, అంతకు మించి వద్దు. తొట్టి ఉన్నంతకాలం చేపలు బతికి ఉన్నాయో లేదో చూసుకునే ఓపిక ఉండాలి.

ఒక గొడుగు నుంచి పది మొక్కలు

ఈ మొక్కలో నాకు ఎప్పటికీ పాతబడని ముచ్చట ఇదే. పిల్లలున్న ఇంట్లో తప్పకుండా చేయించండి.

గొడుగు రేకుల్లా కనిపించేవి నిజానికి మామూలు ఆకులు కావు, పూగుత్తి కింద ఉండే పత్రాలు. అసలు ఆకులు కాడ మొదట్లో గోధుమరంగు తొడుగుల్లా మిగిలిపోయాయి. ఆ రేకులు కాడకు అతికే చోట, ప్రతి సందులో, నిద్రపోతున్న మొగ్గ ఉంటుంది. వాగు ఒడ్డున కాడ ముదిరి వంగి తల నీళ్లలో మునిగితే ఆ మొగ్గలు లేస్తాయి. మనం చేసేది ఆ వంగడాన్ని ఇంట్లో చేయించడమే.

మరీ లేతది కాకుండా, పసుపు తిరగని గొడుగు ఒకటి ఎంచుకోండి. తల కింద రెండు అంగుళాల కాడ ఉంచి కోయండి. రేకులను చుట్టూ కత్తిరించి రెండు అంగుళాల పొడవుకు తగ్గించండి. ఇప్పుడు తలకిందులు చేయండి, రేకులు నీళ్లలో, కాడ ఆకాశం వైపు. వెడల్పాటి గాజు గిన్నెలో రెండు అంగుళాల నీళ్లు చాలు. వెలుతురు తగిలే కిటికీ దగ్గర పెట్టండి, నేరుగా ఎండ వద్దు. మూడు రోజులకోసారి నీళ్లు మార్చి గిన్నె తోమండి. దోమల బాధ కూడా అలాగే తీరుతుంది.

మొదటి వారం ఏమీ జరగదు. కొన్ని రేకులు గోధుమరంగుకు తిరుగుతాయి, పాడైపోయిందనుకుని పారేయకండి. పది పదిహేను రోజులకు సందుల్లో బియ్యపు గింజ మొనలాంటి తెల్ల చుక్కలు కనిపిస్తాయి. అవి వేళ్లు. మూడు నాలుగు వారాలకు వాటి పక్కనే సూది లాంటి పచ్చ మొన లేస్తుంది. మా అమ్మాయి మొదటిసారి చేసినప్పుడు ఒకే తల నుంచి పదకొండు మొనలు లెక్కపెట్టింది.

మొనలు మూడు అంగుళాలు దాటాక తలను రెండు మూడు ముక్కలుగా చీల్చి, రేకులు మట్టి కింద దాగేలా తడి మట్టిలో నాటండి. మోకాలెత్తు రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది.

నీళ్లు, ఎరువు

తడి ఉన్నంతవరకూ వేరే లెక్క లేదు. ఎరువుకు మాత్రం చేయి బిగపట్టండి. తొలకరికి ఒకసారి, సంక్రాంతి వెళ్లాక ఒకసారి, కుండీకి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు. నిలవ నీళ్లు ఉన్న తొట్టిలో పచ్చి పేడ, యూరియా వేస్తే మొక్క కన్నా ముందు నాచు తింటుంది.

కత్తిరించడం, పాయలు విడదీయడం

ఒకసారి ముదిరి పసుపు తిరిగిన కాడ మళ్లీ పచ్చబడదు. మధ్యకు కోసినా అక్కడ నుంచి చిగురించదు. అందుకే సగానికి కత్తిరించడం దండగ, మొదలంటా కోయండి. కొత్త కాడ ఎప్పుడూ దుంప నుంచే వస్తుంది. గొడుగు మధ్యలో పచ్చగా వచ్చిన పూగుత్తి గోధుమరంగుకు తిరిగేలోపే తీసేస్తే గింజ రాలదు.

రెండేళ్లకోసారి కుండీ నుంచి తీయాలి. వేళ్లు కుండీ ఆకారంలోనే గట్టిగా అల్లుకుని ఉంటాయి, చేత్తో విడదీయలేరు. నేను పాత రంపపు బ్లేడు వాడతాను. ముద్దను పక్కకు పడుకోబెట్టి, కాడల మధ్య ఖాళీ చూసి, పై నుంచి కింద దాకా కోయండి. ఒక్కో పాయకు మూడు నాలుగు కాడలు, రెండు మొనలు ఉండాలి. అంచున ఉన్న లేత పాయలనే మళ్లీ నాటండి, మధ్యలో చేవ చచ్చిన ముద్ద కంపోస్టుకు పోవాలి. నాటే ముందు పొడవాటి కాడలను కోసేస్తే వేరు త్వరగా తేరుకుంటుంది.

కొసలు మాడుతున్నాయా?

నాకు వచ్చిన ప్రశ్నల్లో సగం ఇదే. మొదట తడి చూడండి. తడి ఉంటే మట్టి పైపొర చూడండి. నా బాల్కనీ కుండీకి మూడు నెలలు ఆర్వో వదిలే నీళ్లే పోశాను. రేకుల కొసలు కాల్చినట్టు గోధుమరంగుకు తిరిగాయి. వంగి చూస్తే కుండీ అంచున తెల్లటి పొర, గోకితే సున్నంలా రాలింది. అది ఉప్పు. ఆ పైపొర తీసేసి, కుండీని బయటికి తీసి మామూలు నీళ్లు మూడు బకెట్లు మెల్లగా పోసి కడిగేశాను. తర్వాత వచ్చిన కాడలు శుభ్రంగా వచ్చాయి. ఇప్పుడు ఆర్వో నీళ్లకు సమంగా మామూలు నీళ్లు కలుపుతాను, వానాకాలం కుండీని వానలో పెట్టి ఉప్పు కడగనిస్తాను.

గొడుగు నడిబొడ్డున దూదిలా కనిపిస్తే పిండినల్లి. మందు కొట్టే ముందు ఆ కాడనే కోసి సంచిలో మూటకట్టి పారేయండి, ఈ మొక్కకు కాడలకు కొదవ లేదు. ఏసీ గదిలో పెట్టిన మొక్కకు రేకుల మీద సన్నటి చుక్కలు, సాలెగూడు దారాలు వస్తే ఎర్రనల్లి. బయటికి తెచ్చి పైపుతో గట్టిగా కడిగి, సాయంత్రం పూట లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు కలిపి చల్లండి. తొట్టిలో చేపలుంటే అది అటు పడకూడదు.

మొత్తం ఎండిపోయినా పీకేయకండి. ఒక మే నెలలో పెళ్లికి ఊరెళ్లి పది రోజులకు వచ్చేసరికి నా కుండీ గడ్డివాములా ఉంది. అన్నీ మొదలంటా కోసి, కుండీని బకెట్లో ముంచి నీడలో పెట్టాను. మూడో వారంలో మొనలు లేచాయి.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక మాట. రాత్రి చలి 10 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గే రోజులు రాగానే కుండీని లోపలికి తెచ్చి కిటికీ పక్కన పెట్టండి. టెక్సస్ దక్షిణాన మంచుకు పైభాగం మాడినా వేరు బతికితే మళ్లీ లేస్తుంది. న్యూజెర్సీ చలికి బయట నిలవదు.

చెరువులో, కాలవలో వేయకండి

పాయలు విడదీశాక మిగిలినవి పక్క కాలవలో పడేయాలనిపిస్తుంది. వద్దు. గుర్రపుడెక్క కూడా ఒకప్పుడు అందం కోసం తెచ్చుకున్న మొక్కే, ఇప్పుడు మన కాలవల గతి చూస్తున్నాం. గొడుగు తుంగ దానంత వేగంగా పాకదు గానీ గింజ నీళ్లలో కొట్టుకుపోతుంది, తెగిన తల ఎక్కడ ఆగితే అక్కడ వేరు పోస్తుంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ వాగుల వెంట ఇది కలుపుగా స్థిరపడింది. అక్కడున్న తెలుగువాళ్లు కుండీ దాటనివ్వకండి.

కోసిన తలలను, దుంపలను డాబా మీద వారం రోజులు ఎండబెట్టి, గలగలలాడాక కంపోస్టులో వేయండి. పచ్చి కాడలు మాత్రం పక్కన పెట్టుకోండి. ఆ వానాకాలం పెదనాన్న వెళ్లేముందు చేతిలో ఉన్న కాడను నిలువునా రెండుగా చీల్చి, ఒక పాయను వేళ్లకు చుట్టి మెత్తబరిచి, జారిపోతున్న చిక్కుడు తీగను పందిరి రాటకు కట్టారు. "నారు కట్టలకు ఇదే వాడేవాళ్లం" అన్నారు. ఆ ముడి కార్తీకం దాకా వీడలేదు.